ఇంటూ నొక్కితే ఆగాలి

జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని పెన్‌డ్రైవ్ తీయబోతాం. "ఈ డివైస్ వాడుకలో ఉంది, దాన్ని వాడుతున్న ప్రోగ్రాములూ విండోలూ మూసేసి మళ్లీ ప్రయత్నించండి" అని విండోస్ అడ్డుపడుతుంది. తెర మీద చూస్తే ఒక్క విండో కూడా లేదు. వర్డ్ మూశాం, పీడీఎఫ్ మూశాం, ఫోల్డర్ కూడా మూశాం. వెనక నలుగురు నిలబడి ఉంటారు. షాపతను "ఏం కాదులెండి, లాగెయ్యండి" అంటాడు. చాలామంది లాగేస్తారు, చాలాసార్లు నిజంగానే ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి మాత్రం సగం రాసిన ఫైలు పాడైపోతుంది. అప్పుడు నింద పెన్‌డ్రైవ్ మీదికో, షాపతని మీదికో పోతుంది.

నా దృష్టిలో తప్పు ఆ ప్రోగ్రాంది. మూసెయ్యమన్నాక అది ఆగలేదు. ఆగలేదన్న సంగతి మనకు చెప్పనూ లేదు. ఈ రెండో తప్పే పెద్దదని నా అభిప్రాయం. ఆగకపోవడానికి కొన్నిసార్లు న్యాయమైన కారణాలుంటాయి. చెప్పకపోవడానికి మాత్రం ఏ కారణమూ ఉండదు.

నేను చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకుంటాను. ఆడిటర్ ఆఫీసులు, డీటీపీ షాపులు, ఒకటి రెండు స్కూళ్లు. ఇలాంటి చోట్ల 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్లు ఇంకా నడుస్తున్నాయి. కొత్తది కొనమంటే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు, అందులో అన్యాయమేమీ లేదు. అలాంటి మెషిన్‌లో మూసేశామనుకున్న నాలుగు ప్రోగ్రాములు వెనక నడుస్తుంటే ఐదోది తెరుచుకోదు. "సిస్టం స్లో అయింది, ఫార్మాట్ కొట్టండి" అని నాకు ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే ఫార్మాట్ కొట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. ఏది ఎందుకు నడుస్తోందో కూర్చుని చూడాలి, అంతే.

అసలు మూసినది ఎందుకు ఆగదో ముందు చెప్పుకుందాం. విండో వేరు, ప్రోగ్రాం వేరు. షట్టర్ దించినంత మాత్రాన కొట్లో పని ఆగినట్టు కాదు గదా. మనం విండో మూలనున్న ఇంటూ గుర్తు (×) నొక్కినప్పుడు విండోస్ ఆ ప్రోగ్రాంకు డబ్ల్యూఎం క్లోజ్ అనే ఒక సందేశం పంపుతుంది. ఆ సందేశంతో ఏం చేయాలనేది ప్రోగ్రాం ఇష్టం. విండోను తీసేయొచ్చు, కనిపించకుండా దాచొచ్చు, "సేవ్ చేయమంటారా" అని అడగొచ్చు, అసలు పట్టించుకోకనూ పోవచ్చు. విండోను తీసేశాక కూడా, ఇక ముగిద్దాం అని ప్రోగ్రాం తనకు తానే ఇంకో సందేశం పెట్టుకోవాలి. రాసినవాళ్లు ఆ ఒక్క లైను మరిచిపోతే విండో పోతుంది, ప్రాసెస్ (అంటే లోపల నడుస్తున్న ప్రోగ్రాం) మిగులుతుంది.

బీటెక్‌లో జావా స్వింగ్ చదివినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. జేఫ్రేమ్ (జావాలో ఒక విండో) ఒకటి తయారుచేసి, ఇంకేమీ చెప్పకుండా నడిపి, ఇంటూ నొక్కితే ఫ్రేమ్ మాయమవుతుంది గానీ ప్రోగ్రాం ఆగదు. ఎందుకంటే దాని డిఫాల్టే 'హైడ్ ఆన్ క్లోజ్'. 'ఎగ్జిట్ ఆన్ క్లోజ్' అని మనం చేత్తో రాయాలి. ల్యాబ్‌లో ఆ లైను రాయించారు గానీ, ఎందుకు రాస్తున్నామో ఎంతమందికి చెప్పారో నాకు అనుమానమే. వీబీ డాట్ నెట్ మినీ ప్రాజెక్టుల్లో ఇంకో రకం. ముందు లాగిన్ ఫామ్ వస్తుంది. పాస్‌వర్డ్ సరిపోగానే దాన్ని హైడ్ చేసి మెయిన్ ఫామ్ తెరుస్తారు. పనయ్యాక మెయిన్ ఫామ్ మూస్తారు. లాగిన్ ఫామ్ మాత్రం ఎవరికీ కనపడకుండా బతికే ఉంటుంది, దానితో పాటు ప్రోగ్రామూ. మళ్లీ బిల్డ్ చేయబోతే, అంటే రాసినదాన్ని నడిచే ఫైలుగా మార్చబోతే, "ఫైలు వేరే ప్రాసెస్ వాడుతోంది, కాపీ చేయలేను" అని ఎర్ర అక్షరాల్లో ఎర్రర్. రేపు వైవా అనగా ఈ ఎర్రర్ చూసి ఏడ్చినంత పని చేసిన పిల్లలను చూశాను. అదే పిల్లలు ఉద్యోగంలో చేరాక "పోర్ట్ 8080 వాడుకలో ఉంది" అనే మెసేజ్‌తో కుస్తీ పడతారు. వేషం మారింది గానీ జబ్బు ఒకటే. ముందుసారి నడిపిన సర్వర్ విండో మూశారు, సర్వర్ చావలేదు.

ఇవి తెలియక జరిగేవి. తెలిసి చేసేవి వేరే ఉన్నాయి. నా అభ్యంతరమంతా వాటి మీదే.

గడియారం పక్కన చిన్న పైబాణం గుర్తు ఉంటుంది చూడండి, దాన్ని నొక్కితే బుల్లి బొమ్మలు వరసగా కనిపిస్తాయి. మెసేజింగ్ యాప్, వీడియో మీటింగ్ యాప్, గేమ్ లాంచర్, క్లౌడ్ సింక్, ప్రింటర్ కంపెనీ తగిలించిన ఒక సహాయకుడు. వీటిలో సగం మనం ఇంటూ నొక్కి మూసేశామనుకున్నవే. బ్రౌజర్లదీ ఇదే దారి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టం అనే చోట, క్రోమ్ మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను నడపనివ్వాలా అని ఒక స్విచ్ ఉంటుంది. ఎడ్జ్‌లో అలాంటి స్విచ్‌తో పాటు, 2021లో వచ్చిన 'స్టార్టప్ బూస్ట్' కూడా ఉంది. బ్రౌజర్ తొందరగా తెరుచుకోవడానికి దాని ప్రాసెస్‌లు కొన్నిటిని ముందే లేపి ఉంచుతుంది. 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకు ఇది సౌకర్యమే కావచ్చు. 4 జీబీ మెషిన్ మీద టైపు చేసుకుని బతికే మనిషికి మాత్రం ఆ సౌకర్యం ఖర్చు తన పేజీ తెరుచుకోకపోవడం. ఈ రెండు స్విచ్‌లూ నేను చిన్న మెషిన్లలో ఆపేసే ఉంచుతాను.

దీనికి ఎదురు వాదన ఏమిటో నాకు తెలుసు. మెసేజింగ్ యాప్‌ను నిజంగా ఆపేస్తే మెసేజ్ వచ్చిన సంగతి తెలియదు, కాల్ వస్తే మోగదు. "పనిచేయడం లేదు" అని తిట్టుకునేదీ మళ్లీ ఆ వాడుకదారే. సింక్ ప్రోగ్రాం వెనక నడవకపోతే దాని ప్రయోజనమే ఉండదు. నిజమే, ఒప్పుకుంటాను. అందుకే అన్నిటినీ చంపెయ్యమని నేను అనడం లేదు. మొదటిసారి ఇంటూ నొక్కినప్పుడు ఒక్క ప్రశ్న అడగమంటున్నాను. "వెనక నడుస్తూ ఉండనా, పూర్తిగా ఆగిపోనా?" ఒక్కసారి అడిగి, జవాబు గుర్తుపెట్టుకుంటే చాలు. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం అది) ఒక మెషిన్ విండో మూయబోతే ఇలాగే అడుగుతుంది: ఉన్న స్థితిని దాచిపెట్టమంటారా, షట్‌డౌన్ సంకేతం పంపమంటారా, కరెంటు పీకినట్టు ఆపెయ్యమంటారా అని. ఇంతకంటే మర్యాద నేను కోరడం లేదు. చాలా యాప్‌లలో ఈ ఎంపిక ఉంటుంది కూడా. కాకపోతే సెట్టింగ్స్‌లో మూడో పేజీలో, ఇంగ్లిషులో, కంపెనీకి నచ్చిన జవాబు ముందే టిక్ పెట్టి ఉంటుంది. చదవడం అంతగా రాని మనిషి అది ఎప్పటికి చూడాలి?

మ్యాక్ వాడేవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు. మ్యాక్‌లో ఎర్ర బటన్ నొక్కితే విండో పోతుందే తప్ప యాప్ ఆగదు, అది మొదటి నుంచీ పద్ధతే కదా అని. అవును. కానీ అక్కడ ఆ పద్ధతి చాలావరకు అన్ని యాప్‌లకూ ఒకటే. నడుస్తున్న యాప్ కింద డాక్‌లో చుక్క కనిపిస్తుంది, పైన మెనూలో దాని పేరు ఉంటుంది, కమాండ్ క్యూ కొడితే ఆగుతుంది. ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. విండోస్‌లో ఆ హామీ లేదు. నోట్‌ప్యాడ్‌కు ఇంటూ అంటే ఆగడం, పక్క యాప్‌కు ఇంటూ అంటే దాక్కోవడం. ఒకే గుర్తుకు యాప్‌కో తీరు ఉంటే, వాడేవాళ్లు నేర్చుకోవడం ఎలా?

ర్యామ్ సంగతి పక్కన పెట్టినా, మైకు సంగతి పక్కన పెట్టలేం. ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పటి నుంచి ఇళ్లలో వీడియో కాల్ ప్రోగ్రాములు మామూలైపోయాయి. విండో కనపడటం లేదు కాబట్టి కాల్ అయిపోయిందనుకుని ఇంట్లోవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. 2019 నుంచి విండోస్ 10లో ఏ ప్రోగ్రామైనా మైకు వాడుతుంటే గడియారం దగ్గర చిన్న మైకు బొమ్మ కనిపిస్తుంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ పేజీకి వెళితే ఏ యాప్ ఎప్పుడు వాడిందో, ఇప్పుడు వాడుతోందో లేదో కూడా రాసి ఉంటుంది. మీ ఇంట్లో పిల్లలకు, పెద్దవాళ్లకు ఆ బొమ్మను ఒక్కసారి చూపించండి. షాపుల్లో వాట్సాప్ వెబ్ తెరిచి ఫైలు ప్రింటు తీసుకునేవాళ్లకు ఇంకో మాట. బ్రౌజర్ మూసేసినంత మాత్రాన లాగవుట్ అయినట్టు కాదు. ఫోన్‌లో లింక్‌డ్ డివైసెస్‌లోకి వెళ్లి ఆ కంప్యూటర్‌ను తీసేసే వరకు మీ చాట్‌లు తర్వాత వచ్చేవాళ్లకు తెరిచి పెట్టినట్టే.

ఇక ఒక ప్రోగ్రాం మూసినా నడుస్తోందని తెలిశాక ఏం చేయాలి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆ పేరు కనపడగానే ఎండ్ టాస్క్ కొట్టెయ్యడం మనందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటు మానుకోమనే నేను ఎక్కడికెళ్లినా చెబుతాను. ఆగని ప్రోగ్రాం మొండికేసిందని ఎందుకనుకోవాలి? అది మీ పని పూర్తిచేస్తూ ఉండొచ్చు. పెద్ద ఫైలు డిస్కుకు రాస్తూ ఉండొచ్చు, అవుట్‌బాక్స్‌లో మిగిలిన మెయిల్ పంపుతూ ఉండొచ్చు, డేటాబేస్‌ను పద్ధతిగా మూస్తూ ఉండొచ్చు. ఆ మధ్యలో చంపితే మొదటికే మోసం.

తేడా కనిపెట్టడం కష్టం కాదు, ఓపిక ఉండాలి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసెస్ పేజీలో సీపీయూ, డిస్క్, నెట్‌వర్క్ అని నిలువు వరసలు ఉంటాయి. ఆ ప్రోగ్రాం ఎదురుగా అంకెలు కదులుతున్నాయంటే అది ఏదో పనిలో ఉంది. టీ తాగి వచ్చి చూడండి. ఏ పనో కూడా తెలుసుకోవాలంటే విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ పేజీ చూస్తే, ఏ ఫైలు చదువుతోందో, ఏది రాస్తోందో పేరుతో సహా కనిపిస్తుంది. సీపీయూ మాత్రమే ఆపకుండా తిరుగుతూ, డిస్కు, నెట్‌వర్కు రెండూ సున్నా దగ్గర ఉంటే అది లోపలెక్కడో ఒకే చోట గిరగిరా తిరుగుతోందని అనుమానించొచ్చు. అన్నీ సున్నా అయితే దేనికోసమో ఎదురుచూస్తోంది. దేనికోసమనేదే అసలు ప్రశ్న.

ప్రింటింగ్ ఇందులో ప్రత్యేకం. ప్రింట్ నొక్కగానే వర్డ్ తన పనిని స్పూలర్ అనే సర్వీసుకు అప్పగిస్తుంది. ఆ తర్వాత వర్డ్ మూసినా, చంపినా ప్రింట్ ఆగదు. షాపులో ఒక్క కాపీ రాలేదని వర్డ్ మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ నొక్కి, చివరికి కాగితం సరిచేయగానే మూడు కాపీలు వరసగా పడటం మీరూ చూసే ఉంటారు. అక్కడ చూడాల్సింది ప్రింటర్ క్యూ. అది కూడా మొండికేస్తే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టం 32, దాని లోపల స్పూల్, దాని లోపల ప్రింటర్స్ అనే ఫోల్డర్‌ను ఖాళీ చేసి, సర్వీసును మళ్లీ మొదలుపెడితే తేలిపోతుంది.

ఒక ఆడిటర్ ఆఫీసులో జరిగింది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చూసే వరస దీంట్లో బాగా తెలుస్తుంది. నెలలో జీఎస్టీ మూడు బీ రిటర్నుకు గడువు 20వ తేదీ. ఆ ముందు రోజుల్లో ఆ ఆఫీసులో టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అలాంటి ఒక సాయంత్రం అక్కడ అకౌంట్లు చూసే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఎక్సెల్ ఫైలు ఎవరో తెరిచి పెట్టుకున్నారంటోంది. సేవ్ అవ్వట్లేదు. ఎవరా అని చూస్తే నా పేరే చూపిస్తోంది."

"అక్కా, దాన్ని ఏమీ నొక్కొద్దు, వస్తున్నా" అన్నాను.

వెళ్లి చూస్తే తెర మీద ఉన్నది ఒకే ఎక్సెల్. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీకి వెళితే ఎక్సెల్ పేరుతో రెండు వరసలు. రెండిట్లో ఏది అక్క తెరిచింది, ఏది దయ్యం? చూపుకు రెండూ ఒకటే. అక్కడే పై వరస మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రోగ్రాంను ఏ ఆదేశంతో తెరిచారో చూపే కమాండ్ లైన్ అనే నిలువు వరసను చేర్చాను. ఒకదాని ఎదురుగా మామూలుగా ప్రోగ్రాం దారి ఉంది. రెండోదాని చివర 'ఆటోమేషన్', 'ఎంబెడింగ్' అనే రెండు మాటలు తగిలించి ఉన్నాయి. అంటే దాన్ని మనిషి తెరవలేదు, ఇంకో ప్రోగ్రాం తెరిచింది. అలా తెరిచిన ఎక్సెల్ అడిగితే తప్ప తెర మీద కనిపించదు. మధ్యాహ్నం బిల్లింగ్ ప్రోగ్రాంలోంచి ఎక్సెల్‌కు ఎక్స్‌పోర్ట్ కొట్టిందట అక్క. మధ్యలో ఏదో ఎర్రర్ వచ్చి ఆ ప్రోగ్రాం మూసుకుపోయింది. తను పిలిచిన ఎక్సెల్‌ను పంపించకుండానే పోయింది. అదేమో ఫైలును ఉడుంపట్టు పట్టుకుని కూర్చుంది.

అనుమానం సరిపోదు, రుజువు కావాలి. రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ పేజీలో అసోసియేటెడ్ హ్యాండిల్స్ అనే చోట వెతికే పెట్టె ఉంటుంది. అందులో ఫైలు పేరులో ఒక ముక్క టైపు చేస్తే, దాన్ని పట్టుకున్న ప్రాసెస్ పేరు, నంబరు వచ్చేస్తాయి. నంబరు ఆ రెండో ఎక్సెల్‌దే. పెన్‌డ్రైవ్ విషయంలోనూ ఇదే మందు. డ్రైవ్ అక్షరం, పక్కన కోలన్ టైపు చేసి వెతికితే చాలావరకు ఎవరు పట్టుకున్నారో తేలుతుంది. అక్క రోజంతా చేసిన మార్పులు ఎక్కడున్నాయో ముందు చూసుకున్నాం. అవి తెర మీది ఎక్సెల్‌లో ఉన్నాయి, సేవ్ యాజ్ కొట్టి వేరే పేరుతో దాచాం. డిస్కులో ఉన్న పాత ఫైలుకూ ఒక నకలు తీసిపెట్టాం. బిల్లింగ్ ప్రోగ్రాం ఎక్కడా నడవడం లేదని, రెండో ఎక్సెల్ అంకెలు అసలు కదలడం లేదని చూసుకున్నాకే దాన్ని ముగించాం. లాక్ పోయింది. అదే ఫోల్డర్‌లో ~$ తో మొదలయ్యే దాగి ఉన్న చిన్న ఫైలు ఒకటి ఉంటుంది, "ఇది ఫలానావారు తెరిచారు" అని రాసుకునేది. ఎక్సెల్, వర్డ్ పద్ధతిగా మూసుకుంటే వెళ్తూ వెళ్తూ అవే దాన్ని చెరిపేస్తాయి. చంపినప్పుడు మిగిలిపోవచ్చు. ఆ ఫైలును తెరిచినవాళ్లు ఎవరూ లేరని ఖాయం చేసుకున్నాక దాన్ని తీసేయొచ్చు.

ఇది నెలకోసారి జరుగుతోందని అప్పుడు తెలిసింది. ప్రతిసారీ సిస్టం రీస్టార్ట్ చేసి సరిపెట్టుకుంటున్నారు. ఒకసారి అలా చేసినప్పుడు పూటంతా కొట్టిన ఎంట్రీలు పోయాయి. ఇంతా చేసి బిల్లింగ్ ప్రోగ్రాం అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన సలహా "రీస్టార్ట్ చేయండి" అనే. ఎవరూ కూర్చోని మెషిన్లలో ఆఫీస్ ప్రోగ్రాములను ఇలా వెనక నుంచి నడపొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, ఏదైనా డైలాగ్ వస్తే నొక్కేవాళ్లు ఉండరు కాబట్టి. మనిషి కూర్చున్న మెషిన్‌లో కూడా, ఎర్రర్ వచ్చిన దారిలో "నేను తెరిచిన ఎక్సెల్‌ను మూసి వెళ్లాలి" అనే నాలుగు లైన్లు రాసి ఉంటే ఆ ఎంట్రీలు పోయేవి కావు.

రీస్టార్ట్ అంటే గుర్తొచ్చింది. చాలామంది రీస్టార్ట్‌కు, షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడానికి తేడా లేదనుకుంటారు. రెండోదే గట్టి వైద్యం అనుకునేవాళ్లూ ఉన్నారు. 2012లో విండోస్ 8తో 'ఫాస్ట్ స్టార్టప్' వచ్చాక సంగతి తిరగబడింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ, విండోస్ లోపలి భాగం, డ్రైవర్లతో (ప్రింటర్, డిస్కు లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రాములతో) సహా, డిస్కులోకి భద్రంగా వెళ్లి రేపు పొద్దున అలాగే లేచి వస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీలో అప్ టైమ్ చూడండి. రోజూ రాత్రి ఆపే మెషిన్ కూడా రోజుల తరబడి నడుస్తున్నట్టు చూపిస్తుంది. డ్రైవర్ దగ్గర చిక్కుకున్న సమస్య అయితే షట్‌డౌన్‌తో పోదు, రీస్టార్ట్‌తో పోతుంది. లేదా షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టాలి. రీస్టార్ట్ అయ్యాక ముందు తెరిచి ఉన్న యాప్‌లు వాటంతటవే మళ్లీ లేస్తుంటే, అకౌంట్స్ సెట్టింగ్స్‌లో సైన్ ఇన్ ఆప్షన్స్ కింద దానికో స్విచ్ ఉంది.

'ర్యామ్ క్లీనర్' అని అమ్మే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. నడుస్తున్నవాటిని అవి ఆపవు. వాటి మెమరీని పక్కకు నెట్టి అంకె తగ్గించి చూపిస్తాయి, కాసేపటికి అంతా వెనక్కి వస్తుంది. పైగా ఆ క్లీనరే మూసినా ఆగకుండా గడియారం పక్కన కూర్చుంటుంది.

చంపక తప్పనప్పుడు కూడా ఒక క్రమం ఉంది. ముందు ఆ యాప్ బొమ్మ గడియారం పక్కన ఉంటే దాని మీద రైట్ క్లిక్ కొట్టి క్విట్ లేదా ఎగ్జిట్ వెతకండి. ప్రోగ్రాం సర్దుకుని వెళ్లే దారి అది. కమాండ్ ప్రాంప్ట్ అలవాటున్నవాళ్లు టాస్క్‌కిల్‌ను (ప్రోగ్రాంను ఆపే ఆదేశం) ముందు ఎఫ్ (/F) లేకుండా వాడండి, అది మూసుకోమని అడుగుతుంది. ఎఫ్ తగిలిస్తే అడగడం ఉండదు. లినక్స్‌లో కిల్ అని ఊరికే కొడితే 15వ నంబరు సంకేతం వెళుతుంది, ప్రోగ్రాం దాన్ని విని సర్దుకోగలదు. 9వ నంబరు వినే అవకాశం కూడా ఇవ్వదు. మన కుర్రాళ్లు చాలామంది మొదటి దెబ్బకే మైనస్ 9 కొడతారు. అలా కొట్టడం వేగం అనుకుంటారు, తర్వాత డేటాబేస్ లేవడానికి రికవరీ చేసుకుంటూ కూర్చుంటే ఆ వేగమంతా పోతుంది. 9కి కూడా చావని ప్రాసెస్‌లు ఉంటాయి. డిస్కో, నెట్‌వర్క్ డ్రైవో జవాబివ్వక కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) లోపల ఇరుక్కున్నవి అవి. విండోస్‌లోనూ డ్రైవర్ దగ్గర ఇరుక్కున్న ప్రాసెస్ ఎండ్ టాస్క్‌కు లొంగదు. అప్పుడు ప్రోగ్రాంను ఎంత కొట్టినా లాభం లేదు. ఆ డిస్కును, కేబుల్‌ను, షేర్డ్ ఫోల్డర్ ఉన్న అవతలి మెషిన్‌ను చూడాలి.

ప్రోగ్రాములు రాసే తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. ఇది చదువుతున్నవాళ్లలోనూ ఉంటారు, వాళ్లతో ఒక మాట. మీరు ఒక థ్రెడ్ మొదలుపెడుతున్నారంటే, విండో మూసినప్పుడు దాని గతేమిటో అప్పుడే తేల్చుకోండి. డాట్ నెట్‌లో ఫోర్‌గ్రౌండ్ థ్రెడ్ ఒక్కటి మిగిలినా ప్రాసెస్ ఆగదు. జావాలో డీమన్ కాని థ్రెడ్ ఒక్కటి ఉన్నా అంతే, పైథాన్‌లోనూ అంతే. అలాగని అన్నిటినీ బ్యాక్‌గ్రౌండ్ అని గుర్తు పెట్టేస్తే, ఫైలు రాస్తున్న థ్రెడ్ కూడా సగంలో తెగిపోతుంది. ఆగమని చెప్పే దారి ఒకటి పెట్టి, అది ఆగేదాకా కొంతసేపు చూసి, ఆ కాసేపూ "సేవ్ అవుతోంది" అని తెర మీద ఒక ముక్క చూపించండి. వెనక ఉండాల్సిన యాప్ అయితే మొదటిసారి అడగండి, తెలుగులో అడిగితే మరీ మంచిది. టెస్టింగ్‌లో విండో మూశాక టాస్క్ మేనేజర్ తెరిచి చూడటం కూడా ఒక టెస్ట్ కేసుగా రాసుకోండి.

వాడేవాళ్లు కూడా ఫిర్యాదు చేయాలి, వివరంగా చేయాలి. "మూసినా ఆగడం లేదు" అంటే కంపెనీవాళ్లు "రీస్టార్ట్ చేయండి" అని చేతులు దులుపుకుంటారు. ప్రోగ్రాం వెర్షన్ నంబరు, ఏ పని చేశాక మూస్తే ఆగడం లేదో, ఎంతసేపటికీ పోవడం లేదో, కమాండ్ లైన్ వరసలో ఏముందో రాయండి. డీటెయిల్స్ పేజీలో దాని మీద రైట్ క్లిక్ కొడితే 'ఎనలైజ్ వెయిట్ చెయిన్' అని ఉంటుంది, అది దేనికోసం ఆగిందో కొన్నిసార్లు సూటిగా చూపిస్తుంది. ఆ తెర ఫొటో జతచేయండి. అక్కడే 'క్రియేట్ డంప్ ఫైల్' అని కూడా ఉంటుంది. ప్రోగ్రాం రాసినవాళ్లకు అదే అన్నిటికంటే ఉపయోగం. కానీ ఆ క్షణంలో ప్రోగ్రాం మెమరీలో ఉన్న వివరాలన్నీ అందులోకి వెళ్లే అవకాశం ఉంది, క్లయింట్ల పాన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లతో సహా. ఆఫీసు యజమానిని అడగకుండా దాన్ని ఎవరికీ పంపొద్దు. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం వాళ్లకు మేం డంప్ లేకుండానే మిగతావన్నీ రాసి పంపాం.